ఇంటి కోడి, ఇంటి గుర్రము: పాలమూరు సీమలో రెండు ప్రాణుల చరిత్ర

మా ఊరి పాత ఇంటి దర్వాజకు తుప్పు పట్టిన లాడమొకటి కొట్టి ఉన్నది. దాని ప్రక్కనే, గోడను ఆనుకొని, రాతితోను మట్టితోను కట్టిన కోళ్ళ గూడు ఉన్నది. ఆ లాడము తొడిగిన గుర్రమును నేడు మా ఇంటిలో చూచినవారెవ్వరును లేరు. మా అవ్వ కూడ దానిని గురించి తన అత్తగారు చెప్పగా విన్నదే గాని చూడలేదు. కోళ్ళ గూటిలో మాత్రము ఈనాటికిని ప్రతి సాయంకాలము పది పన్నెండు కోళ్ళు చేరుచున్నవి. ఒకే గడపను ఆశ్రయించిన రెండు ప్రాణులలో ఒకటి వెళ్ళిపోయినది, ఒకటి నిలిచినది. దీనికి కారణమేమి? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము వెదకుచు పోయినచో మన సీమ చరిత్రయు, జీవశాస్త్రమును, వైద్యశాస్త్రమును ఒకే త్రోవలో కలియుట చూడగలము.

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అను మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11వ తేదీన పాత మహబూబ్‌నగరు జిల్లా నుండి ఏర్పడినవి. ప్రజలు ఈ ప్రాంతమునంతయు పాలమూరు అనియే పిలుచుదురు. పడమట కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ, తూర్పున నల్లమల అడవి, మధ్యను జొన్నయు ఉలవయు పండు మెట్టభూములు. వర్షము తక్కువ, ఎండ ఎక్కువ. ఇట్టి నేలపై ఏ ప్రాణిని పెంచవలెనన్నను మొదట వచ్చు ప్రశ్నలు రెండు: అది ఏమి తినును? దానికి జబ్బు చేసినచో ఎట్లు?

కోడి అడవి నుండి వచ్చిన చుట్టము

కోడి మనకు క్రొత్తది కాదు. ఎఱ్ఱ అడవికోడియే పెంపుడు కోడికి మూలమని చార్లెస్ డార్విన్ 1868లో ప్రకటించిన గ్రంథములో వాదించినాడు. ఆయన ఊహ చాలవరకు నిజమేనని తరువాతి పరిశోధనలు తేల్చినవి. 2020లో 863 కోళ్ళ జన్యుపదార్థమును పరీక్షించిన శాస్త్రజ్ఞులు, నైరృతి చైనా, ఉత్తర థాయిలాండు, మయన్మారు ప్రాంతములలోని ఒక ఎఱ్ఱ అడవికోడి ఉపజాతి పెంపుడు కోడికి మిక్కిలి దగ్గరదని కనుగొన్నారు. థాయిలాండులోని బాన్ నాన్ వాట్ అనుచోట దొరికిన ఎముకలు క్రీ.పూ. 1650 - 1250 నడిమి కాలమునకు చెందినవని, నిస్సందేహముగా పెంపుడు కోళ్ళవని చెప్పదగిన ఎముకలలో అవియే ప్రాచీనములని 2022లో మరొక బృందము తెలిపినది. వరి, చిరుధాన్యములు పండించి నిలువ చేయు పల్లెలకు అడవికోళ్ళు గింజల కొరకు వచ్చి, క్రమముగా మనిషికి అలవాటుపడి ఉండునని వారి అభిప్రాయము. అనగా మనిషి కోడిని పట్టి తెచ్చుటకు పూర్వమే కోడి తానుగా మనిషి కళ్ళమునకు వచ్చినదన్నమాట.

మనకు ఆసక్తి కలిగించు సంగతి ఇంకొకటి కలదు. చాల కోళ్ళకు కాళ్ళును చర్మమును పసుపురంగుగా ఉండును. ఎఱ్ఱ అడవికోడికి ఈ లక్షణము లేదు. ఈ పసుపురంగును కలిగించు జన్యువు దక్షిణ భారతపు బూడిదరంగు అడవికోడి నుండి వచ్చినదని 2008లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు నిరూపించినారు. ఆ బూడిదరంగు అడవికోడి ద్వీపకల్ప భారతపు అడవులలో మాత్రమే నివసించు పక్షి. కాబట్టి మన పెరటికోడి పసుపు కాళ్ళను చూచినప్పుడెల్ల అందులో దక్షిణాపథపు అడవుల వాటా కొంత ఉన్నదని గుర్తుంచుకొనవచ్చును.

గుర్రము దూరదేశపు అతిథి

గుర్రము కథ వేరు. అది చల్లని గడ్డిమైదానముల జంతువు. నేటి పెంపుడు గుర్రముల మూలము నల్లసముద్రమునకును కాస్పియను సముద్రమునకును ఉత్తరముగా ఉన్న వోల్గా - డాను నదుల ప్రాంతమని, అక్కడి నుండి సుమారు క్రీ.పూ. 2200 తరువాత అది వేగముగా వ్యాపించినదని 2021లో వెలువడిన జన్యుపరిశోధన తెలిపినది. దక్కనులో బృహత్ శిలాయుగము నాటికి గుర్రము గౌరవస్థానమును పొందియున్నది. నాగపూరు సమీపములోని మహుర్ఝరి సమాధులలో గుర్రపు ఎముకలును, గుర్రముల ముఖమునకు తొడుగు రాగి ఆభరణములును దొరికినవి.

అయినను గుర్రము ఈ వేడి దేశములో సులభముగా నిలువలేదు. 13వ శతాబ్ది చివర దక్షిణ భారతమునకు వచ్చిన మార్కోపోలో, తమిళతీరపు రాజులు ప్రతి సంవత్సరము వేలకొలది గుర్రములను సముద్రముపై తెప్పించుకొనుచున్నారనియు, సాకుట తెలియనందున సంవత్సరము తిరుగునప్పటికి వాటిలో చాల భాగము చనిపోవుచున్నవనియు వ్రాసినాడు. అన్నమును మాంసమును కలిపి వండి గుర్రములకు పెట్టుచున్నారని చెప్పి ఆశ్చర్యపడినాడు.

విజయనగర కాలమునాటికి ఈ వ్యాపారము మరింత పెరిగినది. సుమారు 1535 ప్రాంతమున విజయనగరములో ఉండిన పోర్చుగీసు గుర్రపు వర్తకుడు ఫెర్నావు నూనిజ్, రాజు ఏటేట 13,000 గుర్రములను కొనుచుండెనని వ్రాసినాడు. వాటిలో హొర్మూజు గుర్రములును దేశవాళి గుర్రములును ఉండెడివి. అంతకు పూర్వము సాళువ నరసింహుడు గుర్రములను ప్రాణముతో ఉన్నను చచ్చినను ఒకే ధరకు కొనెననియు, సముద్రముపై చచ్చిన గుర్రమునకు తోక తెచ్చి చూపిన చాలుననియు కూడ ఆయన చెప్పినాడు. వినుటకు ఇది హాస్యముగా తోచవచ్చును. కాని ఆలోచించినచో ఇది నేటి బీమా వంటిది. గుర్రము దారిలో చచ్చినచో నష్టము వర్తకునిదే అయినయెడల, అంత ప్రమాదమునకు ఎవడును పూనుకొనడు. అందువలన రాజు ఆ నష్టమును తానే భరించినాడు.

ఇంత ఖర్చు ఎందుకనగా, గుర్రపుదళము లేనిదే దక్కనులో రాజ్యము నిలువదు. కృష్ణా తుంగభద్రల నడిమి నేల కొరకు విజయనగరము వారును బహమనీల వారసులును తరతరములు పోరాడినారు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్ షాను ఓడించిన రాయచూరు యుద్ధము ఆ పోరాటములలో ప్రసిద్ధమైనది. ఆ అంతర్వేదికి తూర్పుకొనయే మన నడిగడ్డ. కనుక ఇక్కడి పల్లెలకు గుర్రపు డెక్కల చప్పుడు క్రొత్త కాదు.

సామాన్యుని ఇంటికి మాత్రము అరబ్బీ గుర్రము రాలేదు. వచ్చినది తట్టువ. పడమటి దక్కనులో భీమానది లోయలో పెరిగిన పొట్టి గుర్రములు గట్టివి, మోటుమేతతో బ్రతుకగలవి, మరాఠా దళములకు పేరు తెచ్చినవి. ఆ భీమానది మన సీమకు పడమటి సరిహద్దున కృష్ణలో కలియుచున్నది. నాందేడు జిల్లాలోని మాళేగాఁవు ఖండోబా జాతరలో నేటికిని గుర్రముల సంత జరుగుచున్నది. ఆ జిల్లా 1956 వరకు మనతోపాటు హైదరాబాదు రాష్ట్రములో ఉండినదే.

సంస్థానములు, లాయములు

నిజాము పాలనలో ఈ సీమలో మూడు పెద్ద సంస్థానములుండినవి. 18వ శతాబ్ది ఆరంభమున సోమనాద్రి అను పేర ప్రసిద్ధుడైన పెద సోమభూపాలుడు కోట కట్టించిన గద్వాల ఒకటి, వనపర్తి రెండవది, కొల్లాపురము రాజధానిగా గల జటప్రోలు మూడవది. వీటిలో వనపర్తి 19వ శతాబ్దిలో సైన్యమునకు పేరుపొందినది. అక్కడి రాజా మొదటి రామేశ్వరరావు ఆఫ్రికా సంతతివారగు సిద్దీలను దళముగా కూర్చినాడనియు, తరువాత ఆ దళము నిజామునకు సంక్రమించినదనియు చెప్పుదురు. హైదరాబాదు నగరములో ఏ.సీ. గార్డ్స్ అను పేట ఉన్నది. ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనుదానికి సంక్షేపము. ఒక ఆశ్వికదళము మాసిపోయిన తరువాత కూడ దాని పేరు బస్సు కండక్టరు నోట నిలిచియున్నది!

లాయమనగా గుర్రములు మాత్రమే కావు. గుర్రమును తోమి, త్రిప్పి, మేపు సాయిసు కావలెను. లాడము కొట్టు నాల్‌బందు కావలెను. జీను కుట్టు తోలుపనివాడు కావలెను. జబ్బు చేసినచో చూచు సాలోత్రి కావలెను. సాలోత్రి అను మాట ప్రాచీన అశ్వవైద్యుడైన శాలిహోత్రుని పేరు నుండి వచ్చినది. తెలుగులో కూడ మనుమంచి భట్టు హయలక్షణ విలాసము అను అశ్వశాస్త్ర గ్రంథమును రచించియున్నాడు. సంస్థానము వలన బ్రతుకు ఈ పనివారే ఊరిలోని పటేలు తట్టువకును, వర్తకుని బరువు గుర్రమునకును, తరువాత పట్టణములలోని జట్కాబండి గుర్రమునకును పని చేసిపెట్టెడివారు. అనగా ఇంటి గుర్రము కోట లాయమును ఆశ్రయించి బ్రతికినది. ఈ సంగతిని మరువరాదు.

గుర్రమును ఇంట పెంచుటలోని కష్టము

గుర్రము గుడ్డిదైనను దాణాకు తక్కువ లేదని మనవారి సామెత. దీనిని లెక్క వేసి చూడవచ్చును. గుర్రము రోజునకు తన బరువులో నూటికి రెండు పాళ్ళకు తక్కువ కాకుండ ఎండుమేత తినవలెను. 250 కిలోల తట్టువకు ఇది 5 కిలోలు, సంవత్సరమునకు 1,800 కిలోలకు పైమాట. మెట్టపొలములో ఒక ఎకరమునకు మించిన జొన్నచొప్ప దాని ఒక్కదానికే చాలదు. నీరు రోజునకు 20 లీటర్లకు తగ్గదు; ఎండకాలములో పని చేసినచో దీనికి రెట్టింపు కూడ కావచ్చును. చెమట పట్టి శరీరమును చల్లబరచుకొను జంతువు గనుక నీటితోపాటు ఉప్పును కూడ కోల్పోవును.

ఎద్దు నెమరువేయును. నాలుగు గదుల కడుపులో సూక్ష్మజీవుల సహాయముతో మోటుగడ్డిని నెమ్మదిగా జీర్ణించుకొని సారమును పిండుకొనును. గుర్రమునకు ఈ ఏర్పాటు లేదు. దాని గడ్డి పులియునది పెద్దప్రేవు భాగములో, అంటే ఆహారము చిన్నప్రేవును దాటిపోయిన తరువాత. అందువలన మోటుచొప్ప నుండి ఎద్దు తీసికొన్నంత సారమును గుర్రము తీసికొనలేదు. ఎక్కువ తిని ఆ లోటును పూడ్చుకొనవలెను. పైగా ఎద్దు దున్నును, కపిలి లాగును, బండి మోయును. మన పొలములలో గుర్రము దున్నలేదు. కరవు వచ్చి ఒక్క ప్రాణికే మేత ఉన్న సంవత్సరమున రైతు ఎవరిని నిలుపుకొనునో చెప్పనక్కరలేదు.

ఈ లోటును తీర్చుటకు మన పెద్దలు పెట్టిన దాణా ఉలవలు. ఉలవ దక్షిణ భారతమున నవీన శిలాయుగము నుండి పండుచున్న పంట. నూటికి సుమారు 22 పాళ్ళు మాంసకృత్తులు గలది. అయితే పచ్చి ఉలవలో మాంసకృత్తుల జీర్ణమును అడ్డగించు పదార్థములు కొన్ని ఉన్నవి. ఉడికించినచో వేడికి అవి చాలవరకు నశించును. గుర్రమునకు గుగ్గిళ్ళు చేసిపెట్టు ఆచారము వెనుక ఇంత రసాయనశాస్త్రము దాగియున్నది. మార్కోపోలో చూచిన అన్నము, మాంసము ముద్దలకంటె పాలమూరు రైతు గుగ్గిళ్ళు ఎన్నో రెట్లు మేలైనవి.

జబ్బుల సంగతి మరొకటి. గుర్రము కడుపు దాని దేహమునుబట్టి చూడగా చాల చిన్నది. అన్నవాహిక కడుపులో కలియుచోట కండరము ఎంత బిగువుగా ఉండుననగా, గుర్రము వాంతి చేసికొనలేదు. ఒకేసారి ఎక్కువ దాణా మెక్కినచో కడుపు ఉబ్బి, శూల వచ్చి, దొర్లి దొర్లి ప్రాణము విడుచును. రాత్రి దాణాసంచి మూతి కట్టుట మరచినందుకే గుర్రమును పోగొట్టుకొన్నవారు ఎందరో ఉందురు. డెక్కకు మేకు గ్రుచ్చుకొన్నచో ధనుర్వాతము. ఈ జబ్బునకు పెంపుడు జంతువులన్నిటిలో గుర్రము మిక్కిలి లోనగును. జోరీగలు కుట్టి వ్యాపింపజేయు సర్రా అను జ్వరము ఒకటి. దానికి కారణమగు సూక్ష్మజీవిని గ్రిఫిత్ ఎవాన్స్ అను పశువైద్యుడు 1880లో పంజాబులో గుర్రముల రక్తములోను ఒంటెల రక్తములోను కనుగొన్నాడు. ఆ తరగతి సూక్ష్మజీవులు జబ్బును కలిగించునని లోకమునకు తెలిసినది అప్పుడే. గ్లాండర్స్ అను అంటువ్యాధి మనుష్యులకు కూడ సోకును. దీని కొరకు బ్రిటిషు ఇండియాలో 1899లో ప్రత్యేకముగా ఒక చట్టము చేసి, జబ్బుపడిన గుర్రములను చంపు అధికారమును తనిఖీ ఉద్యోగులకు ఇచ్చినారు.

గుర్రము గడప దాటిన విధము

20వ శతాబ్ది తొలి దశాబ్దములలో సికింద్రాబాదు నుండి గద్వాల వైపునకు రైలు వచ్చినది. 1932 జూనులో నిజాము రైల్వే శాఖ 27 బస్సులతో రోడ్డు రవాణాను ప్రారంభించినది. దూరప్రయాణమునకు గుర్రపు అవసరము తగ్గినది. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశములో కలిసినది. 1949లో జాగీర్ల రద్దు జరిగినది. కోటలలో లాయములు ఖాళీ అయినవి. వనపర్తి రాజభవనములో పాలిటెక్నిక్ వచ్చినది. గద్వాల కోటలో కళాశాల వెలసినది. ఇవి మంచి మార్పులే. గుర్రములున్నచోట విద్యార్థులు కూర్చుండుట కంటె కోరదగినదేమున్నది?

కాని లాయముతోపాటు నాల్‌బందును, సాయిసును, సాలోత్రియు పోయినారు. ఊరి తట్టువకు లాడము కొట్టువాడు దొరకని స్థితి వచ్చినది. జంతువు పోవుటకు ముందే దానిని సాకు విద్య పోయినది. దీనికి తోడు 1960లో ఆఫ్రికా గుర్రపుజబ్బు అను ఘోరవ్యాధి పశ్చిమాసియా మీదుగా భారతదేశమునకు వచ్చినది. చిన్న దోమవంటి కీటకములు వ్యాపింపజేయు ఆ వ్యాధి వలన 1959 - 61 నడుమ ఆసియా దేశములలో మూడు లక్షలకు పైగా గుర్రములు, కంచరగాడిదలు, గాడిదలు చనిపోయినవి. ఆటోరిక్షా వచ్చిన తరువాత జట్కాకు మిగిలిన నాలుగు వీధులు కూడ మిగులలేదు. 2019 పశుగణనలో దేశమంతటను 3.4 లక్షల గుర్రములు, తట్టువలు మాత్రమే లెక్కకు వచ్చినవి. 2012తో పోల్చినచో ఏడేండ్లలో నూటికి 45 పాళ్ళకు మించి తగ్గినవి. అదే గణనలో కోళ్ళు మున్నగు పెంపుడు పక్షులు 85 కోట్లు. అందు పెరటి పక్షులే సుమారు 31.7 కోట్లు. ఏడేండ్లలో పెరటి పక్షుల సంఖ్య నూటికి 45 పాళ్ళు పెరిగినది. ఒకటి ఎంత తగ్గినదో రెండవది ఇంచుమించు అంత పెరిగినది.

కోడి నిలిచిన విధము

కోడికి చొప్ప కొననక్కరలేదు. కళ్ళములో రాలిన గింజ, పెంటకుప్పలోని పురుగు, గోడలోని చెద, గిన్నె కడిగిన మెతుకు దాని ఆహారము. మనిషికి పనికిరానిదానిని మనిషికి పనికివచ్చు గ్రుడ్డుగా మార్చును. భూమి లేని ఇంటిలో కూడ పెట్ట ఉండగలదు. కోడిని పాలుకిచ్చు పద్ధతి మన ఊళ్ళలో ఉన్నది. ఒకరి పెట్టను మరొకరు పెంచి, పిల్లలను చెరిసగము పంచుకొందురు. పెట్టుబడి లేని పేద స్త్రీ ఇట్లు మంద కూర్చుకొనును. బోనాలకు, మొక్కులకు, అల్లుడు వచ్చినప్పుడు కోడి కోయుదురు. పిల్లవానికి పుస్తకములు కావలసినచో పుంజు సంతకు పోవును. కూలికి దూరదేశము పోవు పాలమూరు కుటుంబములలో ఊరిలో మిగిలిన ముసలమ్మ చేతిలో ఆడు డబ్బు చాలవరకు కోళ్ళ డబ్బే.

అయితే కోళ్ళ పెంపకము కష్టము లేనిది కాదు. దేశవాళి పెట్ట ఒక విడతకు 12 మొదలు 15 గ్రుడ్లు పెట్టి పొదుగుటకు కూర్చుండును. పొదుగుకోరిక పుట్టినప్పుడు దాని రక్తములో ప్రొలాక్టిన్ అను హార్మోను హెచ్చును. గ్రుడ్లు పెట్టుట ఆగిపోవును. 21 రోజులు గ్రుడ్లను త్రిప్పుచు, సుమారు 37.5 డిగ్రీల వేడిని నిలుపుచు కూర్చుండి, పిల్లలు లేచిన తరువాత మరి రెండు నెలలు వాటిని కాచుకొని తిరుగును. అందువలననే సంవత్సరమునకు 50, 60 గ్రుడ్లకు మించి పెట్టదు. ఆ పిల్లలలో గద్దకు కొన్ని, ముంగిసకు కొన్ని, జంగుపిల్లికి కొన్ని. గంప క్రింద మూయుట ఒక పూట మరచిన చాలును, లెక్క తప్పును.

ఎండకాలము మరొక పరీక్ష. కోడికి చెమటగ్రంథులు లేవు. ముక్కు తెరచి రొప్పుటయే దానికి తెలిసిన ముఖ్యమైన ఉపాయము. రొప్పినప్పుడు రక్తములోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటకు పోవును. గ్రుడ్డు పెంకు నూటికి 95 పాళ్ళ వరకు కాల్షియం కార్బనేటు గనుక, కార్బనేటుకు కావలసిన ముడిసరుకు తగ్గి పెంకు పలుచనగును. వైశాఖములో పెంకు పలుచని గ్రుడ్లు వచ్చుటకు ఇదియు ఒక కారణము. నీడను చల్లని నీరు, కొంత సున్నపు గుల్ల పెట్టినచో మేలు.

కొక్కెర తెగులు

వీటన్నిటికంటె భయంకరమైనది కొక్కెర తెగులు. 1926లో జావాలోను, ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణములోను ఈ వ్యాధిని గుర్తించినారు. మరుసటి సంవత్సరము మన దేశములో కుమావూఁ కొండలలోని రాణీఖేత్ వద్ద కనుగొన్నందున దీనికి రాణీఖేత్ వ్యాధి అను పేరు కూడ వచ్చినది. కారణము ఒక వైరసు. కోడి తూగును, ముక్కు తెరచి ఎగశ్వాస తీయును, ఆకుపచ్చని విరేచనము చేయును, మెడ మెలికపడును. రెండు మూడు రోజులలో మంద మందయే పోవును. దీనికి మందు లేదు, టీకా మాత్రము ఉన్నది. మన దేశములో ముక్తేశ్వరపు పశువైద్య పరిశోధనాలయములో 1940 దశకమున ఆ టీకాను సిద్ధము చేసినారు.

నేను ఏడవ తరగతి చదువుచున్న సంవత్సరము మే నెలలో మా అవ్వకు పదిహేడు కోళ్ళు ఉండినవి. బడి తెరచునప్పటికి రెండు పుంజులను అమ్మి నాకు పుస్తకములు, బూట్లు కొనవలెనని ఆమె లెక్క. ఊరికి టీకా తెచ్చినారు. తెచ్చినతను మంచివాడే, ఎండలో బస్సు దిగి, సీసాను చేతిసంచిలో పెట్టుకొని ఇల్లిల్లు తిరిగి శ్రద్ధగా సూది వేసినాడు. మూడు వారములు దాటిన తరువాత ప్రక్కవాడ నుండి కొక్కెర వచ్చినది. నాలుగు రోజులలో మా గూటిలో ఒక పెట్ట మాత్రము మిగిలినది. అవ్వ ఆ కోళ్ళను గుంత తీసి పూడ్చి, చేతులు కడుగుకొని, "సూది ఏసినా పోయినయి బిడ్డా. ఇగ సూది ఎందుకు?" అన్నది. ఆ తరువాత పదేండ్లు ఆమె తన కోళ్ళకు టీకా వేయనీయలేదు. ఆ పదేండ్లలో మరి రెండుసార్లు గూడు ఖాళీ అయినది.

సూక్ష్మజీవశాస్త్రము చదివిన తరువాతనే నాకు ఆ మే నెల సంగతి అర్థమైనది. ఆ టీకాలో ఉన్నది బలహీనపరచిన సజీవ వైరసు. దానిని 2 మొదలు 8 డిగ్రీల చల్లదనములో ఉంచవలెను. 40 డిగ్రీల ఎండలో సంచిలో తిరిగిన సీసాలో వైరసు చచ్చియుండును. సూది వేసినది నిజమే, కాని సూదిలో టీకా లేదు. అవ్వ చేసిన తర్కము తప్పు కాదు. ఆమెకు తెలిసిన సాక్ష్యమునుబట్టి అది సరియైన తర్కమే. ఆమెకు తెలియనిది ఒక్కటే, మంచుగడ్డ సంగతి. దానిని చెప్పవలసినవారెవ్వరును చెప్పలేదు. ఒక సీసా వేడెక్కుట వలన పోయినది పదహారు కోళ్ళు మాత్రమే కాదు, పదేండ్ల నమ్మకము కూడ.

ఈ చిక్కును తీర్చుటకు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు వేడిని కొంత ఓర్చుకొను వైరసు రకములను ఎన్నుకొని, వీ-4, ఐ-2 అను టీకాలను రూపొందించినారు. కంటిలో ఒక చుక్క వేసిన చాలును. శీతలపెట్టెలు లేని ఆఫ్రికా, ఆసియా పల్లెలలో అవి ఉపయోగపడినవి. మనకు లభించు సాధారణ టీకాలు కూడ మంచుగడ్డలున్న డబ్బాలో తెచ్చి, కలిపిన వెంటనే, తెల్లవారుజామున గూటిలోనే వేసినచో చక్కగా పనిచేయును. మొదటి వారములో కంటిచుక్క, ఆరు మొదలు ఎనిమిది వారముల నడుమ సూది అనునది వాడుకలోనున్న క్రమము.

ఇటీవల పక్షిజ్వరపు భయము కూడ తోడైనది. అది మన దేశమున 2006లో మహారాష్ట్రలోని నవాపూరు వద్ద మొదట కనబడినది. 2025 ఫిబ్రవరిలో వనపర్తి జిల్లా మదనాపురము మండలములో రెండువేలకు పైగా కోళ్ళు కొద్దిరోజులలో చనిపోయినప్పుడు జిల్లా అంతయు ఉలిక్కిపడినది. ఇట్టి సమయమున చచ్చిన కోడిని చెరువులో పారవేయక, అమ్మక, పశువైద్యునికి తెలిపి లోతుగా పూడ్చుట మన విధి.

హైదరాబాదు రాజేంద్రనగరములో 1988లో నెలకొల్పిన కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకము కొరకు వనరాజ, గ్రామప్రియ అను రకములను రూపొందించినది. ఇవి దేశవాళి కోడికంటె ఎక్కువ గ్రుడ్లు పెట్టును, త్వరగా బరువెక్కును. కాని పొదుగుట వీటికి చేతకాదు. మరల పిల్లలను కొనవలెను. బరువైన కోడి గద్దకు త్వరగా చిక్కును. అందుకే తెలిసినవారు ఒకటి రెండు దేశవాళి పెట్టలను కూడ ఉంచి, క్రొత్త రకపు గ్రుడ్లను వాటి క్రింద పొదిగింపజేయుచున్నారు.

గూటి నుండియు లాయము నుండియు వచ్చిన వైద్యము

కోడికి టీకా వేయుచున్నామని మనము గర్వపడవచ్చును. నిజమునకు ప్రయోగశాలలో టీకా తయారుచేయుట మనిషి నేర్చుకొన్నది కోడి వద్దనే. 1879 - 80లో లూయీ పాశ్చరు కోళ్ళ కలరా జబ్బుపై పని చేయుచు, పాతబడి బలహీనమైన సూక్ష్మజీవులను ఎక్కించిన కోళ్ళు తరువాత తీవ్రమైన జబ్బును కూడ తట్టుకొనుట చూచినాడు. 1890 దశకమున జావాలో క్రిస్టియాన్ ఐక్మన్ మరబట్టిన తెల్లబియ్యము తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవుటయు, తవుడు పెట్టగా కోలుకొనుటయు గమనించి, బెరిబెరి వ్యాధికి ఆహారలోపమే కారణమను జ్ఞానమునకు దారి తీసినాడు. 1929లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

గుర్రము చేసిన మేలు కూడ తక్కువ కాదు. 1890లో బేరింగు, కిటసాటో అను శాస్త్రజ్ఞులు ధనుర్వాతము, కంఠసర్పి వ్యాధుల విషమును ఎదుర్కొను శక్తి రక్తరసములో ఉన్నదని చూపినారు. ఆ తరువాత ఆ రసమును పెద్దమొత్తములో తయారుచేయుటకు గుర్రమును ఎన్నుకొన్నారు. కొద్దికాలమునకే కాల్మెట్ పాముకాటునకు కూడ ఈ పద్ధతిలో విరుగుడు చేసినాడు. నేటికిని మన దేశమున పాముకాటు మందు గుర్రముల రక్తము నుండియే వచ్చుచున్నది.

పిల్లల కొరకు, గ్రుడ్ల కొరకు కోళ్ళ గూటికి పాము వచ్చుట పల్లెలలో సాధారణము. చీకటిలో గూటిలో చేయి పెట్టిన స్త్రీకి కాటు పడినచో ఆస్పత్రిలో ఆమెకు ఎక్కించు సీసాలోనిది గుర్రపు దానము. మా దర్వాజ నుండి వెళ్ళిపోయిన గుర్రము ఈ రూపమున ఇంకను మన ఇంటిని కాచుచున్నది.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఒక సూచన. మీ ఊరిలో ఐదు ఇండ్లను ఎన్నుకొని, ఒక సంవత్సరము పాటు నోటుపుస్తకములో వ్రాయుడు: ఎన్ని గ్రుడ్లు పొదుగుటకు పెట్టినారు, ఎన్ని పిల్లలు లేచినవి, రెండు నెలలకు ఎన్ని మిగిలినవి, పోయినవి దేనివలన పోయినవి, టీకా ఎప్పుడు వేసినారు, అది మంచుపెట్టెలో వచ్చినదా సంచిలో వచ్చినదా. ముసలివారిని అడిగి ఊరిలో చివరి గుర్రము ఎవరి ఇంట ఉండినదో, దానికి లాడము ఎవరు కొట్టిరో వ్రాసికొనుడు. ఈ సంగతులు తెలిసిన తరము వెళ్ళిపోవుచున్నది.

మా అవ్వ చివరి రోజులలో మరల టీకాకు ఒప్పుకొన్నది. ఆ దినము నేనే థర్మాసు ఫ్లాస్కులో మంచుగడ్డలు వేసి సీసా తెచ్చినాను. ఆమె ఫ్లాస్కు మూత తీయించి, సీసాను వేలితో తాకి చూచి, "సల్లగున్నది, ఏయి" అన్నది. ఆ సంవత్సరము వాడలో కొక్కెర వచ్చినది. మా గూటిలో కోళ్ళు నిలిచినవి.